నాజిల్ కింద రాగి వాషర్

పదిహేనేళ్లు దాటిన డీజిల్ కారు మొరాయిస్తే అందరి చూపూ పంపు మీదికే పోతుంది. చాలాసార్లు జబ్బు నాజిల్ అడుగున కూర్చున్న చిన్న రాగి బిళ్లది. దాన్ని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? ఎంతవరకు మన పని, ఎక్కడినుంచి మేస్త్రి పని? ఆత్రేయపురం కాలువగట్టు నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా రావులపాలెం వెళ్లే రోడ్డు మీద శనివారం పొద్దున్నే రద్దీ ఎక్కువ. ఏడు శనివారాల మొక్కుతో వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే బండ్లు, పూతరేకుల పెట్టెలు ఎక్కించుకునే బండ్లు, అరటి బేరానికి రావులపాలెం మార్కెట్టుకు పరుగెత్తే బండ్లు అన్నీ అదే దారిన పోవాలి. వాటిలో కొత్తవాటితో పాటు ఇండికాలు, క్వాలిస్‌లు, మొదటి తరం ఇన్నోవాలు, డీజిల్ స్విఫ్ట్‌లు, బొలెరోలు కూడా ఉంటాయి. అంబాసిడర్ మాత్రం అరుదైపోయింది. హిందుస్థాన్ మోటార్స్ దాని తయారీని 2014లో ఆపేసింది.

కోనసీమలో పాత కారుకు ఇంత గిరాకీ ఉండటానికి కారణం ఉంది. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది. ఆ దారిలో ఉన్న అమలాపురానికి రైలు మాత్రం ఇంకా రాలేదు. రాజమహేంద్రవరం ఆసుపత్రికైనా, పెళ్లికైనా, కొబ్బరి లెక్క చూసుకోవడానికైనా రోడ్డే దిక్కు. ఇంటి ముందు నిలబడ్డ బండి అర్ధరాత్రి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవ్వాలి. అవ్వకపోతే ఆ ఇంటికి నిజంగానే కష్టం.

అలా స్టార్ట్ కాకపోవడానికి ఉన్న కారణాల్లో చాలా చవకైనది, చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. అది ఇంజెక్టర్ సీలు. మేస్త్రుల భాషలో నాజిల్ వాషర్.

గంటకు అరవై వేల పేలుళ్లు

డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్గు ఉండదు. పీల్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, కొన్ని ఇంజిన్లలో ఇరవై రెండో వంతుకో నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిల్‌ను మంచుతుంపరలా చిమ్ముతుంది. చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది.

నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ నిమిషానికి 1000 సార్లు, గంటకు 60 వేల సార్లు ఇలా మండుతుంది. విజయవాడ వెళ్లి రావడానికి ఇంజిన్ ఆరు గంటలు నడిచిందనుకుంటే ఒక్కో సిలిండర్‌లో 3 లక్షల 60 వేల మంటలు. ప్రతి మంటా బయటికి దారి వెతుక్కుంటుంది. సిలిండర్ హెడ్డులో నాజిల్ దిగే రంధ్రం దానికి కనిపించే మొదటి దారి. అక్కడ కాపలా ఉండేదే రాగి వాషర్.

రాగినే ఎందుకు వాడతారు? అది హెడ్డు లోహం కన్నా మెత్తన. నాజిల్‌ను బిగించినప్పుడు కొద్దిగా నలిగి, కంటికి కనిపించని గీతల్లోకి, గుంటల్లోకి సర్దుకుంటుంది. రెండో కారణం వేడి. మంట ఎదురుగా ఉండే నాజిల్ మొన వేడిని వాషర్ హెడ్డుకు అందిస్తుంది. అక్కడినుంచి ఆ వేడిని కూలెంట్ మోసుకుపోతుంది. వాషర్ సరిగా కూర్చోకపోతే గ్యాసు లీకవడంతో పాటు నాజిల్ మొన కూడా కాలిపోతుంది.

ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకులను చూసినవారికి ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. బొబ్బర్లంక దగ్గర గోదావరిని వదిలి వచ్చిన మధ్య డెల్టా ప్రధాన కాలువ లొల్ల దగ్గరే పాయలుగా చీలుతుంది. లాకు తలుపు అడుగున సన్నని సందు పడితే నీరు ఆ సందునే కోసుకుంటూ పెద్దది చేస్తుంది. వాషర్ పక్కన మంట చేసేదీ అదే. మొదట వెంట్రుకవాసి దారి, తర్వాత రాగి మీద నల్లటి గీత, ఆ తర్వాత హెడ్డులో వాషర్ కూర్చునే సీటింగ్ మీదే గాడి. మొదటి దశలో చూసుకుంటే చిల్లర ఖర్చుతో పోతుంది. మూడో దశకు వస్తే హెడ్డు దించాల్సిన పరిస్థితీ రావచ్చు.

ఆయిలింజిన్ నేర్పిన చదువు

కోనసీమ ‘నాజిల్’ మాట నేర్చుకున్నది కార్ల వల్ల కాదు. కాలువ నీరు ఎక్కని మెరక చేలకు నీళ్లు తోడిన ఆయిలింజిన్లు, రేవుల్లో నడిచిన లాంచీలు, పంట్లు ఈ ప్రాంతానికి డీజిల్ పని నేర్పాయి. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ పుణెలో 1946లో మొదలైంది. 1951లో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మైకో, దేశంలో పంపులు, నాజిళ్లు తయారుచేసింది. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. పాత మేస్త్రుల నోట మాత్రం అది ఇప్పటికీ మైకో పంపే.

అసలు కథ ఇంకా వెనక్కి పోతుంది. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ను 1897 ఫిబ్రవరిలో జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో పరీక్షకు నిలబెట్టాడు. అప్పట్లో ఇంధనాన్ని లోపలికి తోయడానికి గదంత కంప్రెసర్ కావాల్సివచ్చేది. 1927లో బాష్ కంపెనీ చిన్న పంపును పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక డీజిల్ ఇంజిన్ లారీలోకి, తర్వాత కారులోకి దూరగలిగింది. 1936లో మెర్సిడెస్ 260 డి బయటికొచ్చింది. మన దేశంలో డీజిల్ అంబాసిడర్ టాక్సీవాళ్ల బండిగా స్థిరపడింది. 1998 చివర్లో ఇండికా వచ్చాక డీజిల్ కారు మధ్యతరగతి ఇంటి ముందుకు చేరింది. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2007లో డీజిల్ స్విఫ్ట్ వరుసగా దిగాయి.

ఈ వరుసలో ఒక పెద్ద గీత ఉంది. ఇండికా తొలి ఇంజిన్, క్వాలిస్ ఇంజిన్ పాత పద్ధతివి. వాటిలో పంపు ఒక్కో నాజిల్‌కు విడివిడిగా డీజిల్ తోస్తుంది. నాజిల్ సుమారు 120 నుంచి 150 బార్ ఒత్తిడికి తెరుచుకుంటుంది. ఇన్నోవా, స్విఫ్ట్ కామన్ రైల్ బండ్లు, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే రకం. 1997లో కార్లలోకి వచ్చిన తొలి తరం కామన్ రైల్‌లోనే ఒత్తిడి 1350 బార్. ఇంటి దగ్గర పానా పట్టేవారు ముందుగా తెలుసుకోవాల్సింది తమ బండి ఈ గీతకు ఏ వైపున ఉందన్నదే. రెండో వైపు బండికి పని చిన్నదే అనిపించినా దాని ప్రమాదం వేరు.

ఒక నాజిల్, మూడు చోట్ల సీళ్లు

నాజిల్ లీకు అని అందరూ ఒకే మాట అంటారు గానీ లీకులు మూడు రకాలు. మూడింటి మందూ వేరు.

మొదటిది అడుగున ఉండే రాగి వాషర్. ఇది పోతే బయటికొచ్చేది గ్యాసు. బానెట్ ఎత్తి వింటే ఇంజిన్ చప్పుడులో లయగా ‘ఛఫ్ ఛఫ్’ అని ఒక ఊపిరి వినిపిస్తుంది. పొగ వాసన కారులోకి వస్తుంది. నాజిల్ చుట్టూ నల్లటి తారు గడ్డకడుతుంది. కొన్ని పాత ఇంజిన్లలో దీనికి తోడుగా వేడిని ఆపే పల్చటి రేకు వాషర్ ఒకటి ఉంటుంది. దానికి పైవైపు, కిందివైపు ఉంటాయి. తిరగేసి పెడితే పనిచేయదు.

రెండోది నాజిల్ ఒంటి చుట్టూ ఉండే రబ్బరు ఓరింగు. అన్ని ఇంజిన్లలో ఇది ఉండదు. ఉన్నచోట ఆయిల్‌ను, దుమ్మును, నీటిని ఆపుతుంది.

మూడోది రిటర్న్ పైపు. నాజిల్ వాడుకోగా మిగిలిన డీజిల్ ఈ పైపులోంచి తిరిగి ట్యాంకుకు పోతుంది. దాని వాషర్లు, రబ్బరు గొట్టాలు, చిన్న ఓరింగులు గట్టిపడితే డీజిల్ చెమర్చుతుంది. ఇంజిన్ ఆగాక అదే సందులోంచి గాలి లోపలికి పోతుంది. రాత్రంతా నిలిపిన బండి పొద్దున్నే పది సెల్ఫులు కొట్టించుకుని, ఆ తర్వాత రోజంతా బాగా నడిచిందంటే ముందు చూడాల్సింది ఇక్కడే. ఈ జబ్బును బ్యాటరీ మీదికి, హీటర్ ప్లగ్గుల మీదికి నెట్టి వాటిని మార్పించేవారు ఎందరో. రిటర్న్ గొట్టం మార్చడం పాత పద్ధతి ఇంజిన్‌లో అర్ధగంట పని.

మారిన డీజిల్, మారని రబ్బరు

పాత కార్ల సీళ్లకు వయసొక్కటే శత్రువు కాదు. ఇంధనమూ మారింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 డీజిల్ వచ్చింది. దానిలో గంధకం పది లక్షల పాళ్లలో 50 పాళ్లకు మించకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6లో ఆ హద్దు 10 పాళ్లకు దిగింది. ఊపిరితిత్తులకు ఇది మంచి కబురు.

అయితే గంధకాన్ని తీసే శుద్ధిలో డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. పాత నైట్రైల్ రబ్బరును ఉబ్బించి, సందును బిగువుగా ఉంచేవి అవే. ఏళ్ల తరబడి పాత డీజిల్‌లో నాని గట్టిపడిన ఓరింగుకు కొత్త డీజిల్ తగిలితే అది కుంచించుకుపోయి లీకవుతుంది. 1993లో అమెరికాలో తక్కువ గంధకపు డీజిల్ మొదలైనప్పుడు పాత వాహనాల పంపుల దగ్గర ఇలాంటి లీకులే వచ్చాయి. అందుకే 2000కు అటూఇటూ కొన్న బండికి ఓరింగులు మార్చేటప్పుడు అదే కొలతలో వైటాన్ రబ్బరువి అడిగి తీసుకోవడం మేలు. అవి వేడినీ, ఇప్పటి డీజిల్‌నూ బాగా తట్టుకుంటాయి.

ఇన్నోవా చెప్పే హెచ్చరిక

రాగి వాషర్ లీకును ఏళ్ల తరబడి వదిలేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే టయోటా కేడీ ఇంజిన్ల కథ చూడాలి. మన దగ్గర 2005 నుంచి 2016 వరకు అమ్ముడైన ఇన్నోవాలో ఉన్నది 2494 సీసీల 2కేడీ ఇంజిన్. కోనసీమ టాక్సీ స్టాండుల్లో దాని మన్నిక గురించి గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట నిజం కూడా.

ఈ కుటుంబపు ఇంజిన్లలో నాజిళ్లు టాపెట్ కవర్ కిందికి దిగి ఉంటాయి. అడుగు వాషర్ లీకైతే మసి కలిసిన గ్యాసు బయటికి రాకుండా లోపలి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ నల్లగా, చిక్కగా మారుతుంది. ఆ మసి గడ్డలు చాంబర్ అడుగున ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తాయి. ఒకరోజు ఆయిల్ ప్రెషర్ పడిపోయి, లైటు వెలిగే లోపే బేరింగులు పట్టేస్తాయి. ఆస్ట్రేలియాలో హైలక్స్, ప్రాడో వాహనాల యజమానుల మధ్య ఇది పెద్ద చర్చే అయింది. వాషర్లను ముందుజాగ్రత్తగా మార్చుకోవడం అక్కడ చాలామందికి అలవాటైంది.

కాబట్టి రెండు లక్షల కిలోమీటర్లు దాటిన ఇన్నోవా సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవారు ఆయిల్ మూత తెరిచి చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా అక్కడినుంచి పొగ ఊపిరిలా తన్నుతుంటే, మూత అడుగున గట్టి మసి పేరుకుని ఉంటే నాజిళ్లు తీయించి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. ఈ ఇంజిన్‌లో వాషర్ల మార్పు ఇంటి పని కాదు. టాపెట్ కవర్ విప్పాలి, లోపలి రిటర్న్ పైపు బిగింపులు పరీక్షించాలి, చాంబర్ దించి జాలీ కడగాలి. ఆ పైపు బిగింపు లూజైతే డీజిల్ నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది.

ఇంటి పనికి ఉన్న ఒకే ఒక గొప్ప

పాత పద్ధతి ఇంజిన్‌లో ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. అనుభవం ఉన్న మేస్త్రి కన్నా యజమాని బాగా చేయగలిగే సందర్భాలూ ఉంటాయి. ఎందుకంటే ఈ పనిలో గెలిచేది బలం కాదు, శుభ్రత. సీటింగ్ మీద ఆవగింజలో పదో వంతు మసి మిగిలినా కొత్త వాషర్ మొదటి రోజే లీకవుతుంది. షెడ్డులో మేస్త్రి ముందు ఇంకో నాలుగు బండ్లు ఎదురుచూస్తుంటాయి. ఇంటి దగ్గర ఒక్కో రంధ్రానికి గంట పెట్టినా అడిగేవారు లేరు. ఆ తీరిక ఉన్నవారికే ఈ పని. సాయంత్రం పెళ్లికి వెళ్లాల్సిన రోజు మధ్యాహ్నం మొదలుపెట్టే పని కాదిది.

చోటు ముందు చూసుకోవాలి. కొబ్బరి పీచు ఒలిచే కళ్లం పక్కన, ఇసుక గుట్ట పక్కన డీజిల్ పైపులు విప్పకూడదు. పంపు, నాజిల్ లోపలి సందులు మిల్లీమీటరులో కొన్ని వేల వంతులే. ఒక్క పీచు నలుసు చాలు వాటిని పాడుచేయడానికి. మన దేశపు ప్రమాణాల ప్రకారం డీజిల్ ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత 35 డిగ్రీలే. కోనసీమ ఎండాకాలం దాన్ని దాటుతుంది. కాబట్టి బీడీ, పొయ్యి, దీపం ఏవీ దగ్గర ఉండకూడదు. తాటాకు పాక కింద ఈ పని వద్దు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. ముందురోజు రాత్రే నాజిళ్ల మొదట్లో తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వాలి. పొద్దున్న బ్రష్షుతో, గాలితో నాజిళ్ల చుట్టూ తుడిచి అప్పుడు పైపులు విప్పాలి. విప్పిన ప్రతి పైపు మూతికీ శుభ్రమైన మూతో, కొత్త పాలిథిన్ కవరు ముక్కో కట్టాలి. కోడిగుడ్ల అట్ట మీద 1, 2, 3, 4 అని రాసుకుని ఏ సిలిండర్ నాజిల్‌ను ఆ గుంటలోనే నిలబెట్టాలి.

నాజిల్ కొన్ని ఇంజిన్లలో హెడ్డులోకే మరగా బిగుస్తుంది. దానికి లోతైన సాకెట్ కావాలి. కొన్నింటిలో రెండు నట్లో, ఒక క్లాంపో పట్టి ఉంచుతాయి. ఎలా ఉన్నా మొండికేసిన నాజిల్‌ను పక్కనుంచి సుత్తితో కొట్టకూడదు. అటూఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ, మళ్లీ నూనె పోస్తూ ఓపిక పట్టాలి. అప్పటికీ రాకపోతే ఇంటి పని అక్కడితో ఆపేయాలి. లాగే పరికరం ఉన్న షెడ్డుకు బండిని తోసుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు.

నాజిల్ వచ్చాక అందరూ చేసే తప్పు ఒకటుంది. పాత వాషర్ నాజిల్‌తో పాటు వచ్చిందనుకుంటారు. చాలాసార్లు అది రంధ్రం అడుగునే అతుక్కుని మసిలో కలిసిపోయి ఉంటుంది. దానిమీదే కొత్తది వేస్తే నాజిల్ మొన పైకి లేస్తుంది. డీజిల్ పడాల్సిన చోట పడదు, పొగ మొదలవుతుంది. టార్చి వేసి చూడాలి. కొస సన్నగా చెక్కిన వెదురు పుల్లను వాషర్ మధ్యలోకి నొక్కి తిప్పితే అది పుల్లకు పట్టుకుని పైకి వస్తుంది. తీసిన పాత వాషర్ల మందం కొలిచి, అదే మందంలో కొత్తవి తేవాలి. షాపులో ‘ఇది సరిపోతుందిలెండి’ అన్న మాట నమ్మవద్దు.

తర్వాతది అసలు పని, సీటింగ్ శుభ్రం. కింది సన్న రంధ్రాన్ని పోగులు రాలని చిన్న గుడ్డతో మూసి, చుట్టూ మసిని వెదురు పుల్లతో, గుడ్డతో గీకి తీయాలి. ఉక్కు స్క్రూడ్రైవర్ మొన తగిలి సీటింగ్ మీద గీత పడితే ఆ గీతే కొత్త లీకుకు దారి. చివర లోహం మెరుస్తూ, వలయంలా ఏకంగా కనిపించాలి. గాడి కనిపిస్తే కట్టర్ వేయించాలి. అది మేస్త్రి పని. కట్టర్‌కు గ్రీజు పూస్తే పొట్టు దానికే అంటుకుంటుంది, సిలిండర్‌లో పడదు.

రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మళ్లీ వాడటం ఆయిలింజిన్ల కాలం నుంచి ఉన్న ఉపాయం. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది. కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఆ శాస్త్రం సరైనదే. పోయిన మందం మాత్రం తిరిగిరాదు. చేలో పంపు ఆగిపోయినప్పుడు గట్టెక్కించే ఉపాయం అది. కారుకు కొత్త వాషరే వేయాలి. దానికి గాస్కెట్ పేస్టు, ఎం-సీల్ లాంటివి పూయకూడదు. అవి కాలి మసై మళ్లీ సందు చేస్తాయి.

బిగింపుకు టార్క్ రెంచి వాడాలి. ఎంత బిగించాలో ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. పాత మాన్యువళ్లలో కిలోగ్రాం-మీటర్లలో ఉంటే 9.8తో గుణిస్తే న్యూటన్-మీటర్లు వస్తాయి. చేతి అంచనాతో బలంగా లాగితే మర పోతుంది, హెడ్డు పాడవుతుంది. సాగి బిగిసే రకం క్లాంపు బోల్టులు ఒకసారి వాడాక మళ్లీ పనికిరావు, కొత్తవి వేయాలి.

నాజిళ్లు చేతిలో ఉన్నప్పుడే

ఇంటి పనిలో తెలివైన మెట్టు ఒకటి చాలామంది వదిలేస్తారు. నాజిళ్లు ఎలాగూ బయటికి వచ్చాయి. వాటిని శుభ్రమైన డబ్బాలో పెట్టి రాజమహేంద్రవరంలోనో, దగ్గర్లోని పట్నంలోనో పంపు షాపుకు తీసుకెళ్తే టెస్టర్ మీద పెట్టి చూస్తారు. ఏ ఒత్తిడికి తెరుచుకుంటోంది, తుంపర సన్నగా ఉందా ధారగా కారుతోందా, మూసుకున్నాక మొన తడుస్తోందా అన్నది నిమిషాల్లో తేలుతుంది. ధార కొట్టే నాజిల్ కింద ఎంత మంచి వాషర్ వేసినా మిస్సింగ్ పోదు, పొగ తగ్గదు. సీటింగ్ శుభ్రం ఇంట్లో, నాజిల్ పరీక్ష షాపులో అని పంచుకుంటే తక్కువ ఖర్చుతో రెండూ నిక్కచ్చిగా జరుగుతాయి.

కామన్ రైల్ నాజిల్ విషయంలో ఈ పంపకం మారుతుంది. వాటి పరీక్షకు వేరే బెంచి కావాలి. చాలా కంపెనీల నాజిళ్ల మీద ఒక కోడ్ చెక్కి ఉంటుంది. ఏ సిలిండర్‌లో ఏ కోడ్ నాజిల్ ఉందో కంప్యూటర్‌కు తెలుసు. 2వ సిలిండర్‌ది తీసి 3లో పెడితే స్కానర్‌తో కోడ్ మళ్లీ రాయించాల్సివస్తుంది. కొన్ని ఇంజిన్లలో విప్పిన ఉక్కు పైపును మళ్లీ వాడవద్దని మాన్యువలే చెబుతుంది. వీటికి సిద్ధపడకుండా స్విఫ్ట్, ఇన్నోవా నాజిళ్లు ఇంటి దగ్గర కదిలించకపోవడమే మంచిది. బయటికి కనిపించే రిటర్న్ గొట్టాలు, వాటి ఓరింగుల వరకు చూసుకుంటే చాలు.

గాలి తీయడం, చేయి కాపాడుకోవడం

పాత ఇంజిన్‌లో పైపులు తగిలించాక గాలి తీయాలి. ఫిల్టర్ మీది చేతిపంపు గట్టిపడేదాకా నొక్కాలి. నాజిల్ దగ్గర పైపు నట్లు కొద్దిగా వదులుచేసి సెల్ఫ్ కొడితే మొదట నురగ, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది. అప్పుడు నట్లు బిగించాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది, పదిహేను సెకన్లకు మించకుండా, మధ్యలో విరామం ఇస్తూ కొట్టాలి. కామన్ రైల్ బండిలో ఇలా పైపు వదులుచేసి సెల్ఫ్ కొట్టడం ప్రాణాంతకం. ఆ పని ఎప్పటికీ చేయకూడదు.

లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూసే అలవాటు మానుకోవాలి. నాజిల్ నుంచి, పగిలిన పైపు నుంచి వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనిపిస్తుంది, నొప్పీ మొదట పెద్దగా ఉండదు. లోపల డీజిల్ కండరాన్ని కుళ్లబెడుతుంది. ఆలస్యమైతే వేలో, చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అలాంటి గాటు పడితే కట్టు కట్టుకుని పని కొనసాగించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకడానికి అట్టముక్క చాలు. తడి మచ్చ ఎక్కడ పడితే లీకు అక్కడే.

పని అయ్యాక మిగిలిన డీజిల్, కడిగిన నూనె కాలువలో పోయకూడదు. డెల్టాలో మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువలతోనే. డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వాలి.

ఎప్పుడు అనుమానించాలి?

• రాత్రి నిలిపిన బండి పొద్దున్నే మొరాయించి, ఆ తర్వాత మామూలుగా నడిస్తే: రిటర్న్ గొట్టాలు, వాటి వాషర్లు.

• ఇంజిన్ మీద లయగా ఊపిరి చప్పుడు, నాజిల్ చుట్టూ నల్ల తారు ఉంటే: అడుగు రాగి వాషర్.

• ఏసీ వేయగానే కారులో పొగ వాసన వస్తే: రాగి వాషర్‌తో పాటు సైలెన్సర్ జాయింట్లు కూడా చూడాలి.

• ఆయిల్ గీటు తనంతట తాను పెరుగుతూ, ఆయిల్‌కు డీజిల్ వాసన వస్తే: బండి నడపడం ఆపి మేస్త్రిని పిలవాలి.

• కొత్త వాషర్ వేసిన వారానికే మళ్లీ చప్పుడు వస్తే: సీటింగ్ మీద గాడి లేదా అడుగున మిగిలిన పాత వాషర్.

పాత బండిని నిలుపుకోవడం

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆ రుసుమును 600 రూపాయల నుంచి 5000కు పెంచింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10 వేలు చేసింది. మారుతి 2020లో డీజిల్ కార్లు మానేసింది. చిన్న డీజిల్ కారు కొత్తది కొనాలంటే దొరికేవి తక్కువ. ఉన్న పాత బండిని మంచి ఆరోగ్యంతో నడుపుకోవాలనుకునే రైతుకు, చిరువ్యాపారికి ఇలాంటి చిన్న మరమ్మతుల జ్ఞానం నేరుగా డబ్బు. లీకు లేని ఇంజిన్ తక్కువ తాగుతుంది, తక్కువ పొగ వదులుతుంది. ఆ పొగ పీల్చేది ఆ ఇంటి పిల్లలే కాబట్టి ఇది వారి ఆరోగ్యం సంగతి కూడా.

ఆ జ్ఞానం నేర్పే వ్యవస్థ రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడు ఏడాది కోర్సు. నాజిల్ విప్పడం, శుభ్రం చేయడం, టెస్టర్ మీద పరీక్షించడం దాని పాఠాల్లోనే ఉన్నాయి. కోనసీమలోని ఐటీఐలు నెలకొక ఆదివారం ఆ వర్క్‌షాపును కార్ల యజమానులకు తెరవాలి. నామమాత్రపు రుసుము పెట్టుకోవచ్చు. విద్యార్థులకు రకరకాల బండ్లు చూసే అవకాశం వస్తుంది, యజమానులకు తమ ఇంజిన్ ఏ రకమో, ఎక్కడ చేయి ఆపాలో తెలుస్తుంది. ఆ పూటకు కావాల్సిన సరంజామా విప్పి పెట్టిన పాత హెడ్డు ఒకటి, నాలుగు నాజిళ్లు, ఒక టార్క్ రెంచి, రకానికో రాగి వాషర్, చెప్పడానికి ఓపికున్న మేస్త్రి. జిల్లా అధికారులు తలుచుకుంటే వచ్చే నెలలోనే మొదలుపెట్టగల పని ఇది.